ఒక్కపొద్దు పాలు

మొన్న మదనపల్లెలో రక్తం తీసే గదిలో కూర్చుంటే, అక్కడి పిల్ల సూది చేతబట్టుకుని "ఏమన్నా తిన్నావా అవ్వా?" అని అడిగింది. లేదన్నాను. "పాలు, కాఫీ?" అంది. అంతే, ఆ సూదినే చూస్తూ కూర్చున్నాను. చెవిటిదాన్ననుకుని ఆ పిల్ల ఇంకా గట్టిగా అరిచింది. చెవుడు కాదమ్మా నాది.

మా ఊరు పుంగనూరుకు ఆటో దూరం. కొన్నేళ్ల కిందట ఒక సైంటిస్టమ్మ మా ఊరికి వచ్చింది. మనం తినే నూనెలో ఏ కొవ్వు ఒంట్లో కరుగుతుంది, ఏది రక్తంలో పేరుకుంటుంది అన్నది ఆమె చదువు. సగం ఇళ్లకు శెనక్కాయ నూనె, సగం ఇళ్లకు ఇంకేదో నూనె డబ్బాల్లో కొలిచి ఇచ్చి, నెలనెలా అందరి రక్తం తీసుకుపోయేది. ఊరంతా ఆమెను నూనెలమ్మ అనేది. అంత చదువుకున్న మనిషి మా వాకిట్లో గొర్రెల వాసన మధ్య చాప మీద కూర్చునేది. మా ఆయన ఊరుకుంటాడా? "నాకు కొవ్వెక్కువని మా మామ పెండ్లినాడే చెప్పినాడు కదమ్మా, దానికి సూది యాల?" అన్నాడు. "మీ మామగారు చెప్పిన కొవ్వు నా మిషన్లో కనపడదన్నా" అందామె.

మొదటిసారి ఉపవాసంతో రమ్మంది. ఉపవాసమంటే మాకు తెలిసింది ఒక్కపొద్దు. ఒక్కపొద్దునాడు సంగటి ముట్టకూడదు గానీ, పాలకు తప్పేముంది? దేవుడే ఒప్పుకున్నాడు. మా ఆయన మీగడతో సహా చెంబెడు పాలు తాగి పోయి, "ఏమీ తిన్లేదమ్మా" అన్నాడు. అబద్ధం కాదు గదా. రక్తంలో కొవ్వు చూసి ఆమె బెదిరిపోయి ఆటోలో వచ్చింది. పాల సంగతి తెలిశాక తల పట్టుకుంది. "పన్నెండు గంటలు మంచినీళ్లు తప్ప ఏదీ వద్దన్నా. పాల కొవ్వు రక్తంలోనే తిరుగుతుంటుంది, ఆ రక్తం నాకు పనికిరాదు" అంది. ఊరు నెల్లాళ్లు ఆ మాట చెప్పుకుని నవ్వింది.

మరుసటి నెల ఆయన నిజంగా ఏమీ ముట్టలేదు. పాలచెంబు నేనే అటక మీద దాచాను. రెండు రోజులకు నూనెలమ్మ వచ్చింది. ఆయన గొర్రెలతో బీడుకు పోయాడు, నేనొక్కదాన్నే పొయ్యి దగ్గర ఉన్నాను. "అక్కా, మళ్లీ ఎక్కువే ఉంది. పాలు తాగాడా? తాగలేదంటే మాత్రం రేపే మదనపల్లెలో గుండె డాక్టరుకు చూపించాలి" అంది.

ఇక్కడ మా అత్త సంగతి చెప్పాలి. కాపురానికి వచ్చిన నాటి నుంచి ఆమె నన్ను "నూనె చెయ్యి" అనేది. తిరగమోత చప్పుడైతే చాలు, "దీని చేతి కూడు తిని నా కొడుకు ఏమైపోతాడో" అని వాకిట్లో కూర్చుని దండకం ఎత్తుకునేది. ఆమె పోయి ఏళ్లయినా ఆ మాట మా పొయ్యి గట్టు మీదే కూర్చుని ఉంది. నూనెలమ్మ కొలిచి ఇచ్చింది తప్ప వేరే చుక్క నేను వాడలేదు. అయినా ఆయన రక్తం చెడిందంటే, వండిపెట్టిన చెయ్యే కదా చెడ్డదనిపించింది. "తాగినాడమ్మా, రొండు గుక్కలు" అన్నాను.

ఆమె ఊపిరి పీల్చుకుంది. "మీతో ఎలా వేగేదక్కా" అని నవ్వి, పుస్తకంలో ఒక గీత కొట్టి వెళ్లిపోయింది. ఆ నెల దాటలేదు. బీడులో గొర్రెల మధ్య కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఒరిగిపోయాడు. గుండె అన్నారు.

ఏడాది తిరిగాక ఆమె కుప్పంలో ఉందని విని, వి.కోట మీదుగా బస్సెక్కి పోయాను. చెప్పాల్సిన మాట దారంతా నోట్లోనే నములుకున్నాను. నన్ను చూసి ఆమె కన్నీళ్లు పెట్టుకుంది. అచ్చయిన తన పుస్తకం నా ఒళ్లో పెట్టింది. చదవను రాదు గదా, తడిమి చూశాను. "మా ఆయప్ప ఇందులో యాడుండాడమ్మా?" అన్నాను. ఆమె తల దించుకుంది. "లేడక్కా. పాలు తాగినవాళ్లను తీసేశాను." నోరు తెరిచాను. ఆమె కాఫీ గ్లాసు అందించింది. తాగి వచ్చేశాను.

మదనపల్లె పిల్ల మూడోసారి అడిగితే, "ఏమీ తాగలేదమ్మా" అన్నాను. ఆ రోజు అనాల్సిన మాట అదే. పాలు రక్తంలోంచి పోవడానికి పన్నెండు గంటలు చాలన్నది నూనెలమ్మ. నేనన్న రెండు గుక్కలు పోవడానికి ఎన్నేళ్లు కావాలో ఆమె కూడా కొలవలేదు.