పద్మావతక్క పిండిలో దొరికిన గుర్తు

లింగంపల్లి స్టేషను వెనక ఒక్క మిషనుతో నడిచే చిన్న పిండి గిర్నీ ఉంది. పద్మావతక్క డబ్బా పట్టుకుని వస్తుంటేనే అక్కడివాళ్ళు నవ్వుకునేవారు. ఆమె ఏమడుగుతుందో వాళ్ళకు ముందే తెలుసు.

“నాకన్నా ముందర ఏం ఆడిచ్చినారు నాయనా?”

“గోధుమలక్కా.”

“వాటికి ముందర?”

“గదంత యాదికుంటదా? మిరపకాయలు గావచ్చు.”

మిరపకాయల మాట వింటే ఆమె అక్కడే ఆగిపోయేది. సంచిలోంచి రెండు గుప్పెళ్ళ పెసలు తీసి ముందు వాటిని ఆడించేది. ఆ పిండిని పారబోయించాకే తన డబ్బా చేతికిచ్చేది. పసిపిల్లల ఒంటికి రాసేదాంట్లో కారం నలుసు కూడా ఉండకూడదని ఆమె పట్టుదల.

ఆమె చేసేది సున్నిపిండి. పెసలు, గంధ కచ్చూరాలు, బావంచాలు, నీడన ఎండబెట్టిన నారింజ తొక్కలు, కస్తూరి పసుపు వేసి ఆడించేది. ఆడించిన పిండిని ఇంటికి తెచ్చి పల్చటి గుడ్డలో పోసి జల్లించేది. జల్లెడ పడితే ఒంటికి గరుగ్గా తగులుతుందట. గుడ్డ రెండు అంచులూ గోడ మేకులకు కట్టి, కింద పళ్ళెం పెట్టి, వేళ్ళతో మెల్లగా తడుతూ ఆదివారమంతా కూర్చునేది.

ఆమెది ప్రొద్దుటూరు దగ్గర పల్లె. అపార్ట్‌మెంట్ల సెంట్రింగ్ పనికని భర్త ఇక్కడికి తీసుకొచ్చాడు. మూడేళ్ళకు ఇంకొకామెతో బెంగళూరు వెళ్ళిపోయాడు. పద్మావతక్క కూతురు భానుశ్రీని నాలుగిళ్ళలో పనిచేసి పెంచింది, పెళ్ళి చేసింది. ఆ తరువాత హైటెక్ సిటీలో ఒక అద్దాల భవనం నాలుగో అంతస్తులో ఊడ్చి తుడిచే పనిలో చేరింది. ఇంటర్ మొదటి ఏడాదిలోనే చదువు మానేసి నేను చేరిందీ అక్కడే. మోప్ ఎలా పిండాలో ఆమే నేర్పింది.

ఆ అంతస్తులోని కంపెనీ పని సరుకులకు గుర్తు వేయడం. నకిలీ సరుకు ఎక్కువైపోయింది కదా, దాన్ని పట్టుకోవడానికి. ప్రాణుల్లో ఉండే డీఎన్ఏ లాంటిదాన్ని వాళ్ళు గదిలోనే తయారుచేస్తారు. దాని చుట్టూ గాజులాంటి సన్నని పొర తొడిగి, నీళ్ళలో కలిపి సరుకు మీద చల్లుతారు. కంటికి కనిపించదు, వాసన ఉండదు, ఉతికినా ఉడికించినా పోదు. బజారులో ఏ డబ్బా తెచ్చి పరీక్ష చేసినా, గుర్తు ఉంటే అసలు, లేకపోతే నకిలీ. సున్నిపిండి డబ్బాల్లో పోసి దేశమంతా అమ్మే ఒక పెద్ద కంపెనీ ఈ గుర్తు కోసం వచ్చింది. వాళ్ళ పిండి మూటలు మా శాంపిల్ గదిలో ఉండేవి. ఆ గది తుడిచేది పద్మావతక్క, ఆమె రానిరోజు నేను.

గుర్తు తయారుచేసే అశ్విని మేడమ్‌ది భీమవరం వైపు. తన బిడ్డకు పద్మావతక్క పిండే వాడేది.

“ఈ డబ్బాల్లోది ఎందుకూ పనికిరాదండీ. మీ పిండే నయం,” అని గొంతు తగ్గించి చెప్పేది. పద్మావతక్క సంతోషంతో తల వంచుకునేది.

దసరాకు ముందు ఒక రోజు గుర్తు చల్లే గదిలో తుడిచే గుడ్డలు తీసేసి కాగితం తువ్వాళ్ళు పెట్టారు. మిగిలిన గుడ్డల కట్ట ఒక మూల పడి ఉంది. తెల్లటి మల్లు గుడ్డ, ఎంత పల్చనంటే అవతల చెయ్యి కనపడేది. కొన్ని కొత్తవి, కొన్ని గుర్తు చల్లే యంత్రం మూతి తుడిచినవి.

“తీసుకెళ్ళండి పద్మావతిగారూ, పారేసేవేగా. మీకు జల్లించుకోడానికి బావుంటాయి,” అంది అశ్విని మేడమ్.

నేను పక్కనే బకెట్ పట్టుకుని ఉన్నాను. ఆ మాట నా చెవులతో విన్నాను.

పద్మావతక్క వాటిని సోడా వేసి ఉడకబెట్టి, మూడుసార్లు జాడించి, ఎండలో ఆరేసింది. అప్పటిదాకా పాత చీర ముక్కలతో జల్లించేది. ఈ గుడ్డలో పిండి ముఖానికి రాసుకునే పౌడరులాగా దిగింది. ఆ ధైర్యంతోనే ఆమె తన పేరు అచ్చు వేయించింది. పసుపు కాగితం మీద ‘పద్మావతి సున్నిపిండి’, కింద ఫోన్ నంబరు. కొత్తగూడలో రెండు షాపులవాళ్ళు ప్యాకెట్లు పెట్టుకోవడానికి ఒప్పుకున్నారు.

“నా పేరు అచ్చులో ఓటరు కార్డు మీద సూసినా. మళ్ళ ఇప్పుడే,” అంది చీటీని వేలితో నిమురుతూ.

నెల తిరగకుండానే ఆ పెద్ద కంపెనీ మనిషి కొత్తగూడ షాపులన్నీ తిరిగి, దొరికిన సున్నిపిండి అంతా కొని మా ఆఫీసుకు పంపాడు. అందులో పద్మావతక్క ప్యాకెట్ ఉంది. పరీక్షలో దాంట్లో వాళ్ళ గుర్తు కనపడింది.

మేనేజరు దినేశ్ సార్ ఆమెను పిలిచారు. శాంపిల్ గదిలో నాకూ పని ఉంది కాబట్టి నన్నూ నిలబెట్టారు. ఆ పెద్ద కంపెనీ మనిషి, అశ్విని మేడమ్ కుర్చీల్లో కూర్చున్నారు. గేటు దగ్గర సంచులు చూసే బాలనర్సయ్య తాత తలుపు పక్కన నిలబడ్డాడు.

“చూడండమ్మా, మెషీన్ అబద్ధం చెప్పదు. మీ ప్యాకెట్లో ఉన్నది వీళ్ళ పిండి. శాంపిల్ రూమ్‌లోంచి తీసుకెళ్ళి మీ పేరు అంటించి అమ్ముతున్నారు. అంతేనా?”

“యంత్రం అబద్ధం చెప్పదు, సరే సార్. నేను మాత్రం చెప్తానా?”

బాలనర్సయ్య తాత గొంతు సవరించుకున్నాడు. “సార్, రోజు పొయ్యేటప్పుడు సంచి నేనే సూస్త. టిఫిన్ డబ్బ మూత గూడ తీపిస్త. గింత పిండి గూడ బయటికి పోలె.”

“అయితే మీరు సరిగ్గా చూడట్లేదని రాయమంటారా?”

తాత టోపీ చేతిలోకి తీసుకుని కిందికి చూశాడు. 

పద్మావతక్క కాసేపు ఆలోచించింది. గిర్నీ దగ్గర నిలబడి ఆలోచించినట్టే.

“గుడ్డ సార్,” అంది. “మేడమ్ ఇచ్చిన గుడ్డలో జల్లిస్తాండా. మీ మందు తుడిచిన గుడ్డే కదా. మిరపకాయలు ఆడిన గిర్నీలో పెసలు పోస్తే కారం రాదా?”

అందరూ అశ్విని మేడమ్ వైపు చూశారు. ఆమె ఫోను తిరగేసి బల్ల మీద పెట్టింది, మళ్ళీ తీసింది.

“పారేయమని ఇచ్చినట్టు గుర్తండి. వాడుకోమన్నానా అంటే... నాకు సరిగ్గా గుర్తులేదు.”

నాకు గుర్తుంది.  దినేశ్ సార్ నా వైపు చూస్తే గోడ వైపు చూశాను.

ఆ సాయంత్రం స్టేషన్లో ఎమ్ఎమ్‌టీఎస్ రైలు కోసం నిలబడినప్పుడు ఒక ఆలోచన చెప్పాను. “అక్కా, బజారులో కొత్త గుడ్డ కొని మళ్ళీ చెయ్యి. దాన్ని పరీక్ష చేయమను. గుర్తు ఉండదు కదా. గుడ్డ వల్లే వచ్చిందని అప్పుడు తెలుస్తుంది.”

ఆమె నా బుగ్గ నిమిరింది. “సదువు మానుకోకుండా ఉండాల్సింది మే నువ్వు.”

ఆదివారం కొత్త గుడ్డతో పిండి చేసింది. సోమవారం మూత అంటించిన సీసాలో ఆ పిండి, ఇంకో కవర్లో పాత గుడ్డ తెచ్చి బల్ల మీద పెట్టింది. రెండు గంటల తరువాత అశ్విని మేడమ్ రెండూ పరీక్ష చేసి బయటికొచ్చింది. ఆమె ముఖం కాస్త తేటపడింది.

“గుడ్డలో ఉందండి. కొత్త పిండిలో ఏమీ లేదు.”

దినేశ్ సార్ ఆ కంపెనీ మనిషి వైపు తిరిగారు. “ఇంకేం కావాలి సార్? ఈవిడ సొంతంగా చేస్తే గుర్తు రావట్లేదు. షాపులో దొరికిన దాంట్లో ఉంది. అంటే అది ఈవిడ చేసింది కాదు, మీదే. మీ పిండి జల్లించిన గుడ్డలో గుర్తు ఉండక ఏం చేస్తుంది?”

ఆ మనిషి తలాడించాడు. ఫోనులో ఏదో రాసుకున్నాడు.

పద్మావతక్క నా వైపు చూడలేదు. ఆ ఆలోచన ఎవరిదో ఎవరికీ చెప్పలేదు కూడా.

మధ్యాహ్నం నేను ప్యాంట్రీలో కప్పులు కడుగుతుంటే తలుపవతల అశ్విని మేడమ్, దినేశ్ సార్ మాటలు వినపడ్డాయి.

“గుడ్డ వల్లే సార్. నేనే ఇచ్చాను. ఉడికించినా పోదది.”

“నాకు తెలీదా? తుడిచిన గుడ్డ తగిలితే చాలు, గుర్తు అంటుకుంటుందని వాళ్ళకు చెప్తామా? రేపు నకిలీవాడు కూడా మన చెత్తబుట్టలోంచి ఓ గుడ్డ కొనుక్కుంటాడు. ఇక మన గుర్తు ఎందుకు? నా ఉద్యోగం ఉంటుందా, మీది ఉంటుందా?”

 కాసేపటికి మేడమ్ వచ్చి నీళ్ళు అడిగింది. ఇచ్చాను.

రైల్లో ఆ మాటలు పద్మావతక్కకు చెప్పాను.

“ఇదంతా సార్ ముందర చెప్తావా?” అని అడిగింది.

నేను కిటికీ ఊచ పట్టుకున్నాను. హఫీజ్‌పేట స్టేషను వచ్చింది, పోయింది.

“వద్దులే,” అంది ఆమే. “నీది కూడా పోతాది.”

మర్నాడు పిండి దొంగిలించానని, పని మానేస్తున్నానని ఆమె పేరున కాగితం టైపు చేసి పెట్టారు. సంతకం పెడితే పోలీసు కేసు ఉండదన్నారు. భానుశ్రీకి అప్పుడు ఏడో నెల. అత్తగారింటి గుమ్మం ముందు పోలీసు జీపు ఆగితే ఎలా ఉంటుందో పద్మావతక్క ముందు రాత్రంతా ఆలోచించుకుందట. కాగితం నన్ను చదవమంది. చదివాను.

“‘ఉద్దేశపూర్వకంగా’ అంటే ఏంది మే?”

“కావాలనే చేశానని.”

“ఆ మాట తీసేస్తారా సార్?”

“ఫార్మాట్ అదేనమ్మా.”

ఆమె ఒక్కో అక్షరం దిద్దినట్టు పేరు రాసింది. మిగిలిన పసుపు చీటీలు కూడా తీసుకున్నారు, ఆధారం కోసమట. బాలనర్సయ్య తాత ఆ రోజు కూడా ఆమె సంచి తెరిచి చూశాడు, చూడాలి కాబట్టి. చూసి, ఆమెకంటే ముందు తనే మెట్ల దాకా ఆ సంచి మోశాడు.

కొత్తగూడ షాపులవాళ్ళు మిగిలిన ప్యాకెట్లు బయట పెట్టేశారు. ఆ పెద్ద కంపెనీ పనంతా మాకే ఇచ్చింది. గుర్తు కోసం కొత్తగా వచ్చే కంపెనీలవాళ్ళకు దినేశ్ సార్ తెర మీద బొమ్మలు చూపిస్తారు. అందులో పద్మావతక్క ప్యాకెట్ ఉంటుంది. పేరు మీద నల్ల పట్టీ వేశారు. “మూడు వారాల్లో ఇంటి దొంగను పట్టుకున్నాం,” అంటారు సార్. వచ్చినవాళ్ళు చప్పట్లు కొడతారు. అశ్విని మేడమ్ ఆ సమయానికి ఏదో పని మీద లోపలికి వెళ్తుంది. నేను టీ అందిస్తాను.

పద్మావతక్క ఇప్పుడు నిజాంపేటలో ఒక హాస్టల్లో వంట చేస్తోంది. భానుశ్రీకి ఆడపిల్ల పుట్టిందని తెలిసి మొన్న ఆఫీసు అవగానే పద్మావతక్క ఇంటికి వెళ్ళాను. చిన్న గది. బిడ్డకు అప్పుడే నీళ్ళు పోశారు. కిటికీలో సబ్బు పెట్టె ఉంది. అమ్మ సున్నిపిండి చేయనంటోందని భానుశ్రీ చెప్పింది. పెసలు తెచ్చిపెట్టినా ముట్టుకోలేదట.

బిడ్డను ఎత్తుకోబోయాను. పద్మావతక్క నా మణికట్టు పట్టుకుంది.

“ఆఫీసు నించేనా రావడం?”

“అవునక్కా.”

“పొయ్యి చేతులు కడుక్కో.”

కడుక్కుని వచ్చాను. బిడ్డను గుడ్డలో ఇంకో చుట్టు చుట్టి తన వైపు జరుపుకుంది.

“ఇంకోసారి కడుక్కో మే. మీ సార్ రేపు ఈ పిల్ల కూడా మాదేనంటాడు.”

భానుశ్రీ నవ్వింది. పద్మావతక్క కూడా నవ్వుతుందేమోనని చూశాను. ఆమె నా చేతులనే చూస్తోంది. మళ్ళీ వెళ్ళి, మోచేతుల దాకా సబ్బు రుద్దుకున్నాను.