బావ నేర్పిన రివర్స్

మా ఆవిడకు ట్రెయిలర్ రివర్స్ చేయడం వచ్చని, పెళ్ళయిన ఇన్నేళ్ళకు, ఒక ఆర్‌వీ డీలర్ స్థలంలో, పరాయి మనిషి ముందు నాకు తెలిసింది.

ఆ శనివారం మేముండే హెర్న్‌డన్ నుంచి అక్కడికి వెళ్ళింది ఇల్లులా ఉండే బండి చూసుకోవడానికి. సెలవుల్లో అమ్మాయిని తీసుకుని ఊళ్ళు తిరగాలని, హోటల్ తిండి కాకుండా మన వంట మనం చేసుకోవాలని చాలాకాలంగా అనుకుంటున్నాం. ఎటొచ్చీ ఏ బండి అన్న దగ్గరే ఇద్దరికీ కుదరలేదు. నాకు మోటర్‌హోమ్ కావాలి. ఇంజనూ ఇల్లూ ఒకటే, తాళం తిప్పితే ఇల్లే కదులుతుంది. తనకు ఫిఫ్త్ వీల్ కావాలి. అందులో ఇల్లు వేరు, లాగే పికప్ ట్రక్కు వేరు. ఇంటి ముందుభాగాన్ని ట్రక్కు వెనక తొట్టిలో బిగించి లాక్కెళ్ళాలి. చేరాక ఇంటిని అక్కడే వదిలేసి ట్రక్కులో ఎక్కడికైనా పోవచ్చు.

"అంత పొడుగుది ఎవరు రివర్స్ చేస్తారు?" అన్నాను.

మా భాష రాకపోయినా గొడవేమిటో అర్థమైనట్టుంది, సేల్స్‌మన్ వెనకున్న ఖాళీ జాగాలో రెండు కోన్‌లు పెట్టి ప్రయత్నించి చూడమన్నాడు. ముందు నేనెక్కాను. స్టీరింగ్ కుడికి తిప్పితే ట్రెయిలర్ ఎడమకు పోయింది. సరిచేయబోతే ఇంకా వంకరపోయింది. "నాన్నా, స్టాప్! కోన్ హిట్ చేస్తున్నావ్!" అని వెనక సీట్లోంచి అమ్మాయి అరిచింది.

తర్వాత మా ఆవిడ ఎక్కింది. స్టీరింగ్ అడుగున చెయ్యి పెట్టి, అద్దాల్లో చూసుకుంటూ, తొందర లేకుండా దాన్ని రెండు కోన్‌ల మధ్యకు తెచ్చి నిలిపింది. సేల్స్‌మన్ చప్పట్లు కొట్టాడు.

ఇంటికి వస్తూ అడిగాను. "ఎక్కడ నేర్చుకున్నావు?"

"మా బావ నేర్పిండు. పత్తి ట్రాలీ, ట్రాక్టర్‌కు కట్టి. ఇంటర్ సెలవులల్ల."

"నాకెప్పుడూ చెప్పలేదే?"

"నీకు ట్రాక్టర్ వచ్చా అని నువ్వెప్పుడు అడిగినవ్?"

బావ అంటే వాళ్ళ మేనత్త కొడుకు. వరంగల్ దగ్గర వాళ్ళ ఊళ్ళోనే ఉంటాడు. వరసకు నాకు అన్న. మా పెళ్ళిలో నా భుజం మీద చెయ్యేసి ఫొటో దిగిన మనిషి. అప్పటిదాకా ఆయన గురించి నేను ఆలోచించిందే లేదు. ఆ రోజు నుంచి మరో ఆలోచన లేదు. ట్రాక్టర్‌కు ఉండేది ఒక్క సీటే కదా, నేర్పేటప్పుడు ఆయన ఎక్కడ కూర్చున్నట్టు? మడ్‌గార్డ్ మీదా? ఆఫీస్ మీటింగ్‌లో మ్యూట్ పెట్టుకుని ఇదే ఆలోచించేవాణ్ణి.

లోపలి మంట కనిపించకుండా మోటర్‌హోమ్ తరఫున వాదించాను. వానలో దిగకుండానే వంటగదిలోకి పోవచ్చన్నాను. ఇక్కడే ఉండిపోతామో లేదో తేల్చే గ్రీన్ కార్డ్ రాకుండా ట్రక్కొకటి, ఇల్లొకటి ఎందుకన్నాను. "సరే, ముందు నీదే అద్దెకు తీసుకుని చూద్దాం" అంది.

లాంగ్ వీకెండ్‌కి మోటర్‌హోమ్‌లో కొండల్లోని ఒక క్యాంప్‌గ్రౌండ్‌కి వెళ్ళాం. దారిలో తను "నేను తీసుకోనా?" అంటే "వద్దు, రెస్ట్ తీసుకో" అన్నాను. చేరాక కరెంటు వైరూ నీళ్ళ పైపూ తగిలించి, బండి ఒరగకుండా సరిచేసి కూర్చున్నాక, పెరుగు తేలేదని గుర్తొచ్చింది. పెరుగు కావాలంటే తగిలించినవన్నీ ఊడదీసి, గిన్నెలు సర్దేసి, ఇల్లంతా వేసుకుని కొట్టుకు పోవాలి. పక్కన ఫిఫ్త్ వీల్ వాళ్ళు మాత్రం ట్రక్కులో అలా వెళ్ళి ఇలా ఐసు తెచ్చుకున్నారు. మా ఆవిడ అన్నంలో నిమ్మకాయ పిండి కలిపింది.

మర్నాడు పొద్దున్న టీ తాగుతుంటే వాళ్ళ బావ వీడియో కాల్ చేశాడు. డీలర్ దగ్గర జరిగింది చెప్తూ తను పగలబడి నవ్వింది. "గోడ యాదికున్నదా?" అన్నాడాయన. మళ్ళీ ఇద్దరూ నవ్వారు. ఏ గోడో నాకు తెలియదు. ఫోన్ నా చేతికొచ్చింది.

"తమ్మీ, మంచిగున్నవా? మా గోడ కూలగొట్టి నేర్చుకున్న డ్రైవింగ్ అది. జర పైలం!"

"బాగున్నానన్నా. ఇక్కడ సిగ్నల్ సరిగా లేదు" అని పెట్టేశాను. సిగ్నల్ శుభ్రంగా ఉంది.

మా ఆవిడ నా మొహంలోకి చూసింది. "నీకు కుళ్ళు."

"నాకెందుకు?"

"డీలర్ కాడి నుంచి చూస్తున్న."

ఇక ఆగలేక అడిగేశాను. "ఆయనకిచ్చి చేద్దామనుకున్నారా?"

"పెద్దోళ్ళు అనుకున్నరు. నేనే వద్దన్న."

"ఎందుకు?"

కప్పు కింద పెట్టింది. "మంచోడే. కానీ చేను దాంక నడపనిచ్చి, మెయిన్ రోడ్డు రాంగనే దిగమనేటోడు. పత్తి మిల్లు కాడ నలుగురు చూస్తరని. చేసుకుంటే అన్నిట్ల గట్లనే ఉంటదనిపించింది." కప్పు మళ్ళీ అందుకుంటూ, "నిన్న నువ్వు గూడ తాళం ఇయ్యలే" అంది.

వద్దన్నదని సంతోషించేలోపే, ఆయన్నీ నన్నూ ఒకే గాటన కట్టేసింది. తాళం తీసి తన ముందు పెట్టాను.

తిరుగు ప్రయాణంలో కొండ దిగేదంతా తనే నడిపింది. పక్కన కూర్చుని, ఎక్కడైనా ఒక్క తప్పు చేస్తుందేమోనని కాచుకుని చూశాను. చేయలేదు.

ఆకులు రాలే కాలానికి పాత ఫిఫ్త్ వీల్ ఒకటీ, దాన్ని లాగే ట్రక్కూ కొన్నాం. హైవే మీద ఇద్దరం వంతులేసుకుని నడుపుతాం. క్యాంప్‌గ్రౌండ్‌లో వెనక్కి పెట్టడం మాత్రం తన పనే. ఇల్లు సరిగ్గా చోటులోకి వచ్చి ఆగగానే చుట్టుపక్కల మగవాళ్ళు కాఫీ కప్పులతో వచ్చి తనను మెచ్చుకుంటారు. ఎక్కడ నేర్చుకున్నావని అడుగుతారు. తను చెప్తుంది. చక్రాల కింద చెక్కలు పెడుతూ నేను వింటాను. ఇప్పటికీ చురుక్కుమంటుంది. కాకపోతే మునుపటంత సేపు ఉండదు.