కాక అడిగిన ఫొటో

కాక పోయాడన్న ఫోను వచ్చినప్పుడు నేను ఆయన ఇంటి ఫొటో తీయడానికని వెళ్ళి, ఇల్లు ఉండాల్సిన చోట, నేలను పైనుంచే తవ్వుకుపోయే ఓపెన్‌కాస్ట్ గని అంచున నిలబడి ఉన్నాను. ఖతార్ నుంచి మా రూమ్మేట్ చేశాడు. "అన్నా, కాక లేడే" అన్నాడు. "లేడంటే? ఎటు పోయిండు?" అని అడిగాను. తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. డ్యూటీకి పోయాడనో, క్లినిక్‌కు పోయాడనో చెబుతాడనుకున్నాను. వాడు ఏడుస్తున్నాడని తెలియడానికి నాకు కాసేపు పట్టింది.

ఖతార్‌లో మెసయీద్ అనే చోట ఎరువుల ప్లాంటులో మా పని. ఎండాకాలం మధ్యాహ్నాలు పని ఆపి మమ్మల్ని బస్సులో క్యాంపుకు తెస్తారు. ఆ బస్సులో కిటికీకి తల ఆనించి, నిద్రపోయినట్టే పోయాడట. క్యాంపు గేటు వచ్చేదాకా తనను ఎవరూ లేపొద్దని కాక ఎప్పుడో పెట్టిన రూలు. ఆ రోజూ ఎవరూ లేపలేదు. గేటు దగ్గర లేపితే లేవలేదు.

క్యాంపుల్లో ఇలాంటి చావులు మాకు కొత్త కాదు. ఎవరో ఒకరు పోతుంటారు, నాలుగు రోజులు చెప్పుకుంటాం, మళ్ళీ బస్సెక్కుతాం. కానీ కాక పోవడమేమిటి? వారం కిందట నా లగేజీకి తాడు తనే కట్టి, ముడి గట్టిగా పడిందో లేదోనని దాని మీద కాలు పెట్టి లాగిన మనిషి.

కాక నాకు చుట్టం కాదు. ఇద్దరిదీ ఉత్తర తెలంగాణలో ఒకే బొగ్గు ఊరు, అంతే. ఇరవై ఏళ్ళకు పైగా ఆయన బొగ్గుబాయి దిగాడు. చీకట్లో చూపు ఆనడం లేదని డాక్టర్లు అన్‌ఫిట్ రాశారు. మా దగ్గర తండ్రి అన్‌ఫిట్ అయితే నౌకరీ కొడుక్కో అల్లుడికో వస్తుంది. అలా కాక నౌకరీ అల్లుడికి వచ్చింది, కంపెనీ క్వార్టరూ అల్లుడి పేరున మారింది. కూతురు పుట్టింట్లోనే సంసారం పెట్టింది. కాక విమానమెక్కాడు. "బాయికి పనికిరాలే గని, దుబాయ్‌కి పనికొచ్చిన" అని తన మీద తనే జోకు వేసుకునేవాడు. ఖతార్‌లో పన్నెండేళ్ళుండి కూడా ఆయన నోట అది దుబాయే.

మాది స్కాఫోల్డింగ్ పని. ఎత్తున పని చేసేవాళ్ళు నిలబడడానికి ఇనుప పైపులతో మంచెలు కడతాం. కాక ఎక్కే ముందు ప్రతి పైపునూ స్పానర్‌తో తట్టి, చెవి పెట్టి వినేవాడు. బాయిలో కర్రతో పైకప్పును తట్టి, మోతను బట్టి గట్టిదో గుల్లదో తెలుసుకునే అలవాటు అది. నేపాలీ కుర్రాళ్ళు నవ్వేవారు. ఫోర్‌మన్ కింద నుంచి "యల్లా, యల్లా" అని తొందరపెడుతూ అరిచేవాడు. కాక విన్నట్టే ఉండేవాడు కాదు. "అడిగితే కప్పు చెప్తది కొడుకా. అడగకుంటే మీద పడ్డంక చెప్తది" అనేవాడు. ఒకసారి నా కాళ్ళ కింద పైపును తట్టి, ముఖం మాడ్చి, "దిగు" అన్నాడు. ఎందుకంటే చెప్పడు. దిగాక చూస్తే పైపును పట్టి ఉంచే క్లాంపు సగానికి పగిలి ఉంది. ఈ నాలుగు ముక్కలు మీకు రాయగలుగుతున్నానంటే ఆ "దిగు" వల్లే.

రూములో తలుపు వెనక నాలుగు మేకులు కొట్టాడు, నలుగురి హెల్మెట్లకు. నాలుగూ మేకులకు ఎక్కితే తప్ప ఆయన కంచం ముందు కూర్చునేవాడు కాదు. బాయిలో పైకి వచ్చినవాళ్ళ లెక్క తేలందే షిఫ్టు దిగినట్టు కాదట. ఓవర్‌టైముండి నేను ఆలస్యంగా వస్తే అన్నం చల్లారిపోయి ఉండేది. "మీరు తినొచ్చు గదా కాకా" అంటే, "నీ టోపీ రాకుండ ముద్ద దిగుతదా?" అని కసిరేవాడు.

ప్రతి శుక్రవారం కూతురితో వీడియో కాల్. ఆమె ఎప్పుడూ ఇంటి నీలం తలుపు ముందు కూర్చుని మాట్లాడేది. కాక అడిగేది ఒకటే, "జామచెట్టు సూపియ్యి బిడ్డా" అని. వాకిట్లో ఆయన పెట్టిన చెట్టు అది. "వాకిట్ల సిగ్నల్ రాదు నాయినా" అనేది ఆమె. నాలుగేళ్ళుగా ఏదో ఒక అడ్డం పడి ఆయన ఊరికి పోలేదు. పోయినేడు గుండెకు స్టెంట్ కూడా వేశారు. నాకు సెలవు దొరకగానే పక్కన కూర్చోబెట్టుకుని, "జామచెట్టు కింద నిలవడి ఒక ఫొటో తీసి పంపు. కాయలున్నయా, పిట్టలు తిన్నయా, సూడు" అన్నాడు. "అదెంత పని కాకా!" అన్నాను. మా వాళ్ళు కరీంనగర్‌కు మారి చాలా ఏళ్ళయింది, ఆ ఊరి సంగతి నాకేం తెలుసు?

ఆటో ఎక్కి కాలనీ పేరు చెబితే డ్రైవర్ వెనక్కి తిరిగి నన్ను ఎగాదిగా చూశాడు. "అది లోపటికి పోయింది గదనే!" అన్నాడు. వెళ్ళి చూస్తే నిజంగానే కాలనీ అంతా గని గొయ్యి లోపలికి పోయింది. క్వార్టర్ల వరుసలు, నేను చదివిన బడి, మా పాత ఇల్లు, ఏవీ లేవు. కింద ఎక్కడో లారీలు అగ్గిపెట్టెలంత కనిపిస్తున్నాయి. నాకు ఏడుపు రాలేదు, కోపం రాలేదు. ఎవరో తప్పు చోటికి తెచ్చారనిపించింది.

కాక కూతురు ఊరి అవతల కొత్త క్వార్టర్లో ఉంది. లోపలికి అడుగు పెట్టగానే కనిపించింది, వంటింటికి బిగించిన నీలం తలుపు. ఇళ్ళు కూలగొట్టే రోజు కాంట్రాక్టర్ కాళ్ళావేళ్ళా పడి తెచ్చుకుందట. దాని మీద చిన్నప్పుడు ఆమె ఎత్తు కొలిచి కాక గీసిన గీతలున్నాయి. "నాయినకు చెప్పకు అన్నా. గుండెల స్టెంట్ ఉన్నది. ఇల్లు పోయిందంటే తట్టుకోడు" అని నా చేతులు పట్టుకుంది. ఒప్పుకున్నాను.

ఒప్పుకున్నాను గానీ, ఫొటో ఎక్కడి నుంచి తేవాలి? దారిలో ఎవరి పెరట్లోనో జామచెట్టుకు ఒక ఫొటో తీశాను కూడా. పంపలేకపోయాను. చెట్టు పెట్టినవాడికి చెట్టు తెలియదా? మర్నాడు పొద్దున కాక రెండుసార్లు ఫోన్ చేశాడు. ఎత్తలేదు. ఏం చెప్పాలో తేలాక నేనే చేద్దామనుకున్నాను. ఒక గోడైనా, మొద్దయినా మిగిలి ఉంటుందేమోనని మళ్ళీ ఆ గని అంచుకే పోయాను. అప్పుడొచ్చింది రూమ్మేట్ ఫోను. "బస్సెక్కంగ గూడ నీకు కొట్టిండన్నా. నువ్వు ఎత్తకుంటే నవ్విండు. ఊరికి పోయినోడు, అందర్ని కలువాలె గదా అన్నడు" అని చెప్పాడు.

అడిగితే కప్పే చెబుతుందన్నాడు. అడిగినా మేమెవరం చెప్పలేదు.

కాగితాలన్నీ అయి కాక ఉన్న పెట్టె హైదరాబాద్ చేరడానికి తొమ్మిది రోజులు పట్టింది. నేను సెలవు పొడిగించుకున్నాను. వద్దన్నా వినకుండా కూతురు కూడా ఎయిర్‌పోర్టుకు వచ్చింది. అంబులెన్సులో ఆమె, భర్త వెనక పెట్టె పక్కన కూర్చున్నారు. నేను ముందు కూర్చున్నాను. డ్రైవర్ ఎటు పోవాలని అడిగితే, నోటికి చిన్నప్పటి నుంచి అలవాటైన పాత కాలనీ పేరే చెప్పి కళ్ళు మూసుకుని నిద్రపోయాను. అతను దాన్నే ఫోన్ మ్యాపులో కొట్టుకున్నాడు. మ్యాపులో ఆ కాలనీ ఇంకా ఉంది, దారీ ఉంది.

బండి ఆగితే కళ్ళు తెరిచాను. ఎదురుగా ఇనుప గేటు, దాని వెనక ఆ గొయ్యి. ఎర్రజెండా పట్టుకున్న గార్డు చెయ్యి అడ్డం పెట్టాడు. "బ్లాస్టింగ్ టైమ్. ఇప్పుడు బండి కదపద్దు" అన్నాడు. తర్వాత మా బండి ఏమిటో చూసి, నెత్తి మీది టోపీ తీసేశాడు. ఎంత తప్పు చేశానో నాకప్పుడు తెలిసింది. వెనక్కి తిరిగి, "చెల్లే, మాఫ్ చెయ్యి, నేనే..." అన్నాను.

ఆమె తిట్టలేదు. మొగుడి వైపు చూసి, "వెనక తలుపు తియ్యి" అంది. ఆయన దిగి తీశాడు. వేడిగాలి, దుమ్ము లోపలికి కొట్టాయి. ఆమె పెట్టె మీదికి వంగింది.

"నాయినా, ఇల్లు ఈడనే ఉండె. లేదిప్పుడు. జామచెట్టు గూడ లేదు. ఏడాదిన్నర అయింది. నేనే చెప్పనియ్యలే."

సైరన్ మోగింది. గనిలో మందు పేలి, నేల కింద నుంచి ఒక్కసారి ఊపొచ్చి బండి అదిరింది, పెట్టె కదిలింది. ఆమె రెండు చేతులూ దాని మీద వేసి, నిద్రలో ఉలిక్కిపడే పసిపిల్లను పట్టుకున్నట్టు అదిమి పట్టుకుంది. "బ్లాస్టింగే నాయినా, ఏం కాదు" అంది. నేల అదరడం ఆగింది, దుమ్ము వచ్చి మా అందరి మీదా పడింది, గార్డు జెండా దించేశాడు. ఆమె మాత్రం చేతులు తియ్యలేదు.