బాజీ బోర్డు దింపిన రోజు

బందరులో బాజీ అంత మొండివాణ్ణి నేను చూడలేదు. వాడి కార్ల కరెంటు షాపుకీ నా పంక్చర్ల షాపుకీ మధ్య ఒకటే గోడ. చిన్నప్పుడు చిలకలపూడిలో రోల్డుగోల్డు గొలుసులు అల్లాడు కనుక, కారులో తెగిన వైరుని కూడా ఆ బంగారు పూత తీగతోనే కట్టి, ఎడమచేత్తో రెండున్నర చుట్లు తిప్పితే గాని వాడికి తృప్తి ఉండదు. ఫ్యూజు పోయిందని ఎవరొచ్చినా ముందు మనిషిని నిలదీసేవాడు.

"పోయినప్పుడు ఏం చేస్తున్నారు?"

"ఏమీ చేయలేదండీ."

"అబద్ధం!" అని అరిచేవాడు. బేరాలెలా నిలిచేవో దేవుడికే తెలియాలి.

ఆమధ్య దయామణిగారు వచ్చారు. గుడివాడ షాపులకి రోల్డుగోల్డు నగలు వేసే మనిషి. "కవుతరం రాగానే లోపలి లైటూ పాటలూ చచ్చిపోతున్నాయి బాజీ. ఇది అయిదోసారి!" అన్నారు. టీ తాగుతున్న ఒకాయన కాలవ గట్టు మీద గాలి సోకిందన్నాడు. ఇంకొకాయన అప్పటికే అద్దానికి నిమ్మకాయ కడుతున్నాడు.

బాజీకి ఒళ్లు మండింది. "ఫ్యూజుకి ఊళ్లు తెలుస్తాయా? రేపు సాయంత్రంలోగా పట్టుకోకపోతే బోర్డు దింపేస్తా!"

అది వాళ్లమ్మ షరీఫా పోయేముందు దగ్గరుండి రాయించిన బోర్డు. నోరు జారాడు, పదిమందీ విన్నారు.

మర్నాడు ముగ్గురం బయలుదేరాం. ఆవిడ నడుపుతుంటే బాజీ పక్కన, నేను వెనక సీట్లో ఫ్యూజుల సంచీ పట్టుకుని. పెడన దాటినా ఏమీ కాలేదు. కవుతరం బోర్డు కనబడగానే పాట టక్కున ఆగింది. నిమ్మకాయ మాత్రం హాయిగా ఊగుతోంది.

"ఏం చేశారు?" బాజీ అరిచాడు.

"ఏమీ చేయలేదు బాబూ! ఫోను ఛార్జింగు పెట్టాను, అంతే. అదీ ఓ పనేనా?"

"ఎప్పుడూ ఇక్కడే ఎందుకు పెడతారు?"

"పాత ఫోను కదా. ఇంటి దగ్గర నిండా ఎక్కించినా కవుతరం వచ్చేసరికి చచ్చిపోతుంది."

నేను పడీపడీ నవ్వాను. బాజీ కాలిన ఫ్యూజు పీకేసి, ఛార్జరు పెట్టే రంధ్రంలో పట్టకారు దూర్చాడు. చిన్న బంగారు రంగు తీగ ముక్క బయటికొచ్చింది. ఛార్జరు దూర్చినప్పుడల్లా అదే అడ్డం పడి, లైటుకీ పాటలకీ కలిపి ఉన్న ఒకే ఫ్యూజుని కాలుస్తోంది.

"మీ నగ ముక్కేనండీ!" అని గంతేశాను.

"చూడండి" అని బాజీ దాన్ని చేతికివ్వగానే దయామణిగారు వెలుతురులో తిప్పి చూశారు. "మాది కాదు భుజంగరావుగారూ. ఈ మెలిక ఎడమచేతివాళ్లది. రెండున్నర చుట్లుంది."

బాజీ తన ఎడమచేతి వైపు చూసుకున్నాడు. నిరుడు ఆ కారుకి ఆ ఛార్జింగు పాయింటు బిగించింది వాడే.

బందరు చేరగానే నిచ్చెన వేసి బోర్డు దింపేశాడు. నాకు కోపం నషాళానికెక్కింది. "దొరికిందిగా ఒరేయ్! పంతం నెగ్గావు!"

"దొరికింది బావా. దొంగని నేనేగా."

దయామణిగారు చీర కొంగు దోపుకున్నారు. "ఆ ముక్క గుట్టుగా జేబులో వేసుకుంటే నాకేం తెలిసేది? చేతికిచ్చి చూడమన్నావు. ఇంకొకళ్లకి నా కారు ఇవ్వను. ఎక్కించు బోర్డు!" అంటూ ఒక చివర తనే పట్టుకున్నారు. రెండో చివర నేను పట్టుకున్నాను.

ఇప్పుడు ఆ తీగ ముక్క బోర్డు కింద మేకుకి వేలాడుతోంది. వచ్చినవాళ్లు ఇప్పటికీ "ఏమీ చేయలేదండీ" అనే అంటారు. బాజీ అరవడం మానేశాడు. తీగ వైపు వేలు చూపిస్తాడు.

"నేనూ అదే అనుకున్నానండీ."