తూచింది నేను

ఆయన్ని క్షమించెయ్యమని మా వాళ్లు చాలాసార్లు చెప్పారు. నాకు క్షమించే గుణం లేదు. లేదన్న బాధ కూడా లేదు.

బాన్సువాడ జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతూనే హైదరాబాదులో ఒక ప్రొఫెసర్ దగ్గర పరిశోధనకు చేరాను. డెబ్బైల చివర్లో ఆయన విదేశం నుంచి, ఉపగ్రహం నమోదు చేసిన అతినీలలోహిత వర్ణపటాల కాపీలు తెచ్చాడు. నక్షత్రం వెలుగు మన దాకా వచ్చేలోపు దారిలోని వాయువులు అందులో కొంత మింగేస్తాయి. మింగిన చోట పటంలో గుంట పడుతుంది; దాన్నే మేం గీత అనీ అంటాం. గుంట వైశాల్యాన్ని బట్టి ఆ మూలకం ఎంతుందో లెక్కకట్టాలి. హైడ్రోజన్ గుంట పక్కన చిన్న గుంట ఉంటే అది డ్యుటీరియం, అంటే బరువైన హైడ్రోజన్, కావచ్చు.

కంప్యూటర్ మాకెక్కడిది? గుంటల్ని ట్రేసింగ్ కాగితం మీదికి దింపి, బ్లేడుతో కత్తిరించి, కెమిస్ట్రీ ల్యాబు త్రాసులో తూచేదాన్ని. కాగితం బరువును బట్టి వైశాల్యం తెలిసేది. గాలికి త్రాసు ఊగుతుందని వేసవి సెలవుల్లో కూడా ఫ్యాను ఆపి, కిటికీలు మూసి కూర్చునేదాన్ని.

"ఇగ లేవుండ్రి మేడమ్, గీ ఉక్కల పానం పోతది" అనేవాడు బిచ్కుంద నుంచి వచ్చే కెమిస్ట్రీ లెక్చరర్.

ఒకరోజు నైట్రోజన్ గీత పక్కన కూడా అలాంటి చిన్న గుంటే కనిపించింది. డ్యుటీరియం గుంట హైడ్రోజన్ పక్కనే తప్ప నైట్రోజన్ పక్కన పడదు. అంటే మేం చూస్తున్నది డ్యుటీరియం కాదు. మన వైపు వేగంగా వస్తున్న మరో వాయుమేఘం ప్రతి గీత పక్కనా తన గుర్తు వేస్తోంది. వెంటనే బస్సెక్కి వెళ్లి ఆయనకు చెప్పాను.

"నువ్వు తూస్తే చాలమ్మా. ఆలోచించడానికి నేనున్నాను" అన్నాడు, తలెత్తకుండానే.

మరుసటి ఏడు పరిశోధన పత్రం అచ్చయింది. డ్యుటీరియం అనే రాశాడు. కొలతలన్నీ నావి, పేరు మాత్రం ఆయనదొక్కటే. పరిశోధన వదిలేశాను గానీ పగ వదల్లేదు.

కొన్నేళ్లకు మా కాలేజీలో సైన్స్ ప్రదర్శన పెట్టారు. ముఖ్య అతిథిగా ఎవర్ని పిలుద్దామంటే ఆయన పేరు నేనే చెప్పాను. వచ్చాడు. "నా కొలతలు, నా కొలతలు" అంటూ ఊదరగొట్టాడు. అంతా అయ్యాక, నేను ముందే అన్నీ చెప్పి ఉంచిన కెమిస్ట్రీ లెక్చరర్ లేచాడు.

"సార్, గా నైట్రోజన్ గీత పక్కన గూడ అసొంటి గుంతే ఉన్నది గదా. గది గూడ డ్యుటీరియమేనా?"

ఆయన చప్పున నా వైపు చెయ్యి చూపించాడు.

"కొలిచింది నేను కాదండీ. ప్రతి గుంటా కత్తిరించి తూచింది మీ మేడమే. తప్పుంటే ఆమెనే అడగండి."

ఆ మాట కోసమే ఆయన్ని అంత దూరం నుంచి పిలిపించాను. లేచి నిలబడ్డాను.

"నిజమే సార్, అన్నీ నేనే తూచాను. నైట్రోజన్ గీత సంగతీ అప్పుడే మీకు చెప్పాను. మరి పత్రం మీద నా పేరేదీ?"

ప్రిన్సిపాల్ కంగారుపడి, సన్మానం కానిద్దామంటూ శాలువా తెచ్చి నా చేతిలోనే పెట్టాడు. ఆయనకు కప్పాను. మెడ దగ్గర కొంచెం గట్టిగానే లాగాను.