నొప్పి కబురు మోసే నరం

మా చిన్నాయన పోయినాడని చిన్నమ్మ ఫోన్ చేసినప్పుడు నేను హిందూపురం బస్సులో ఉన్నాను. "నిద్రలోనే పోయినాడప్పా. మేలుకునింటే మళ్లా చెయ్యి నొప్పే కదా" అంది. ఆమె ఏడవలేదు.

మడకశిర చుట్టుపక్కల ఊళ్లలో గొర్రెల బొచ్చు కత్తిరించడం ఆయన పని. గొర్రెను ఒడిలోకి లాక్కుని, దాని కళ్ల మీద అరచెయ్యి పెట్టి, కన్నడంలో ఏదో చెప్పేవాడు. ఎందుకని అడిగితే, "దానికి తెలుగు రాదప్పా" అనేవాడు నవ్వకుండా. ఎవరైనా తొందరపెడితే ఒకటే మాట: "గొర్రెకు గాయమైతే మళ్లా మనిషిని నమ్మదు." నేను పనిచేసే బడిలో పిల్లల మీద గొంతు లేచినప్పుడల్లా ఆ మాట నాకు అడ్డొస్తుంది. అది ఆయన పెట్టిన భిక్ష.

ఏళ్ల తరబడి కత్తెర నొక్కి నొక్కి కుడి మణికట్టు కీలు అరిగిపోయింది. రాగి సంగటి కూడా ఎడమ చేత్తోనే తినేవాడు. నేనే బెంగళూరు తీసుకుపోయాను.

"కీలు బాగుపడదు. నొప్పి కబురు మోసే నరాలను మాత్రం కోసేస్తాం. వేళ్లు ఎప్పటిలాగే ఆడతాయి. కొందరికి నొప్పి తిరిగి రావచ్చు" అన్నాడు డాక్టరు.

"అంటే రోగం ఆడనే ఉంటాది, నాకు తెలీకుండా పోతాది. అంతేనా సార్?"

డాక్టరు అవునన్నాడు.

కుట్లు మానాక, కుడి చేత్తో సంగటి ముద్ద చేసిన రోజు ఆయన దాన్ని నోట్లో పెట్టుకోకుండా చేతినే చూసుకుంటూ కూర్చున్నాడు. మళ్లీ కత్తెర పట్టాడు. వద్దంటే వినలేదు. "ఇప్పుడు కాకుంటే ఇంకెప్పుడప్పా?"

మరుసటి ఎండాకాలానికి నొప్పి తిరిగొచ్చింది. ఈసారి మంటతో. చొక్కా చెయ్యి తగిలినా ఉలిక్కిపడేవాడు. మళ్లీ బెంగళూరులో చూపిస్తే, ఇక మిగిలింది కీలును కదలకుండా బిగించడమేనన్నాడు డాక్టరు.

"బిగిసిన చేత్తో గొర్రెను యాడ పట్టుకునేది? పోదాం పా" అని లేచాడు.

ఆ ఏడు వానల్లేవు. మేత లేక ఊళ్లో మందలు అమ్ముకున్నారు. "చెయ్యి బాగుండినా ఇంట్లోనే కదా చిన్నాయనా కూర్చునేది" అని ఓదార్చబోయాను.

"అప్పుడైతే వాన కోసం కాచుకుని ఉందును. ఇప్పుడు దేనికోసమప్పా?"



నేను బస్సు దిగి ఇల్లు చేరేసరికి, చివరి స్నానం చేయించడానికి మగవాళ్లు ఆయన చేతులు పట్టి లేపబోయారు. చిన్నమ్మ వాళ్లను పక్కకు జరిపింది. కుడి మణికట్టు కింద తన రెండు అరచేతులూ పెట్టి, మెల్లగా, చాలా మెల్లగా ఎత్తింది. చెంబులో నీళ్లు మరీ చల్లగా ఉన్నాయేమోనని ముందు తన చేతి మీద పోసుకుని చూసింది.