డాబా మీద దిష్టికుండ

2003 జనవరి. సత్తెనపల్లిలో నేను ప్లంబింగ్ పని మొదలుపెట్టి అప్పటికి పన్నెండేళ్ళు. ఇంట్లోనే బాత్రూమ్ ఉండాలన్న ఆలోచన మా ఊళ్ళో అప్పుడప్పుడే బలపడుతోంది. అంతకుముందు చాలా ఇళ్ళలో పెరటి చివర గోడవారగా దొడ్డి ఉండేది, అంతే. పాత ఇంట్లో కొత్తగా బాత్రూమ్ ఇరికించాలంటే మేస్త్రీలు చాలామంది జంకేవాళ్ళు. నేను జంకేవాణ్ణి కాదు. ఈ మాట గొప్పకే చెబుతున్నాను. గొట్టంలో నీళ్ళు ఎక్కడ ఆగుతాయో బయట నిలబడే చెప్పగలనని నా ధీమా. ఆ ధీమా ఇప్పటికీ పోలేదు కానీ, ఒక ఇంట్లో దానికి గట్టి దెబ్బే తగిలింది.

ఆ ఇల్లు హైస్కూల్లో లెక్కలు చెప్పే శేషగిరిరావు మాస్టారిది. పడకగదికీ వంటింటికీ మధ్య ఉన్న సామాన్ల కొట్టును బాత్రూమ్‌గా మార్చాలని పిలిపించారు. నేను వెళ్ళేసరికే గ్రాఫు కాగితం మీద ప్లాను గీసిపెట్టుకున్నారు. కమోడు ఎక్కడ, కుళాయి ఎక్కడ, తలుపు ఎటు తెరుచుకోవాలి, అన్నీ ఉన్నాయి. వాడిన నీళ్ళు ఎటు పోవాలన్నది మాత్రం లేదు. ఎవరు గీసుకొచ్చిన ప్లాన్లోనైనా నేను చూసింది ఇదే.

"ఎవరు వాడతారు మాస్టారూ?" అని అడిగాను. మనిషిని బట్టి కమోడు ఎత్తు, పట్టుకునే కమ్మీ చూసుకోవాలి.

వంటింటి గుమ్మం పట్టుకుని నిలబడ్డ ఆయన భార్య రాజ్యలక్ష్మిగారు జవాబిచ్చారు. "నాకేనండి. మోకాళ్ళు అరిగిపోయాయన్నారు. కింద కూర్చోలేకపోతున్నాను."

"అదొక్కటే అయితే ఫర్వాలేదయ్యా," మాస్టారు అందుకున్నారు. "పెరట్లోకి వెళ్ళాల్సొస్తుందని నీళ్ళు తాగడమే మానేసింది. పొద్దున ఒక గ్లాసు, సాయంత్రం అర గ్లాసు. మొన్న చలిజ్వరమొస్తే గుంటూరు తీసుకెళ్ళాను. మూత్రంలో ఇన్ఫెక్షనట. ఇలాగే ఉంటే కిడ్నీలు పాడవుతాయన్నాడు డాక్టరు."

"తాగితే వెళ్ళాలి కదండీ," అన్నారావిడ, తప్పు తనదే అన్నట్టు.

ఆ మాట నాకు గుచ్చుకుంది. మా అమ్మకూ మోకాళ్ళ నొప్పులే. ఆవిడ రోజూ ఎన్ని నీళ్ళు తాగుతోందో నేనెప్పుడూ చూడలేదు. ఈ పని బ్రహ్మాండంగా చెయ్యాలని అక్కడే అనుకున్నాను.

ఇలాంటి పనిలో మూడు సంగతులు చూసుకోవాలి. మొదటిది స్లోప్, అంటే గొట్టం వాలు. నాలుగంగుళాల గొట్టానికి పది అడుగులకు మూడంగుళాల వాలు ఇస్తాను. రెండోది ట్రాప్. గొట్టంలో వంపు పెట్టి కొన్ని నీళ్ళు ఎప్పుడూ నిలిచి ఉండేట్టు చేస్తాం. సెప్టిక్ ట్యాంకు వాసన ఇంట్లోకి రాకుండా ఆపేది ఆ నిలవనీళ్ళే. మూడోది వెంట్, గాలి గొట్టం. కమోడులో నీళ్ళు ఒక్కసారిగా కిందికి దూకితే వెనకాల గాలిని లాక్కుంటాయి. ఆ గాలి డాబా మీదనుంచి వెంట్‌లోకి దిగాలి. దారి లేకపోతే ట్రాప్‌లో నీళ్ళను లాక్కుపోతాయి. అప్పుడు వాసనకు తలుపు తీసినట్టే.

మాస్టారికీ రాజ్యలక్ష్మిగారికీ ఇదంతా సీసాతో చేసి చూపించాను. నిండు సీసా బోర్లిస్తే గుడగుడమంటూ ఆగి ఆగి కారింది. అడుగున చిల్లు పెట్టి బోర్లిస్తే ధారగా పోయింది. మాస్టారు మెచ్చుకున్నారు. "నువ్వు పాఠం చెప్పాల్సినవాడివోయ్ కోటేశ్వరరావూ," అన్నారు. నేను ఉబ్బిపోయాను. ఆయన తల్లి సుందరమ్మగారు అప్పుడు డాబా మీద ఏదో పనిలో ఉన్నారు. డెబ్భై అయిదేళ్ళు దాటినా రోజుకు పదిసార్లు మెట్లెక్కే మనిషి. ఆవిణ్ణి కిందికి పిలవాలని మా ముగ్గురిలో ఒక్కరికీ తోచలేదు.

మూడు వారాల్లో పని పూర్తయింది. వెంట్‌ను శ్లాబులోంచి తీసి డాబా నడిమధ్య మూడడుగుల ఎత్తున నిలబెట్టాను. కింద కమోడుకు నేరుగా పైన అదే చోటు కాబట్టి వంపు అక్కర్లేకుండా పోయింది. తక్కువ వంపులుంటే మంచి పని అని మా లెక్క. చివరి రోజు రాజ్యలక్ష్మిగారు నా ఎదుటే పెద్ద గ్లాసుతో నీళ్ళు తాగి, గ్లాసు బోర్లించి చూపించి నవ్వారు. నాకు ఏ సత్కారమూ అంత సంతోషం ఇచ్చి ఉండదు.

మార్చిలో మాస్టారు మళ్ళీ వచ్చారు. ముఖం బాగాలేదు. "నీళ్ళు కొడితే గొట్టం గుడగుడలాడుతోందయ్యా. ఇల్లంతా కంపు. పక్కనే వంటిల్లు, దేవుడి గది. మా అమ్మ బాత్రూమ్‌కు తాళం వేసేసింది."

ఎక్కిన సైకిలు దిగకుండా వెళ్ళాను. లెవెల్ ట్యూబు పట్టి వాలు చూశాను, ఒక్క నూలు తేడా లేదు. పెరట్లో గొట్టాలు కలిసే చాంబరు మూత తీసి చూశాను, ఎక్కడా అడ్డం లేదు. నేల మీద నీళ్ళు పోయే నహానీ ట్రాప్ జాలీ ఎత్తి చూస్తే లోపల నీళ్ళు లేవు. నిండా పోసి, కమోడులో బకెట్ నీళ్ళు కొట్టించాను. నా కళ్ళముందే ట్రాప్ ఖాళీ అయింది. వెంట్ అడ్డుపడిందని అప్పుడే తట్టాలి. కొత్త గొట్టం కదా, నెలన్నరకే ఎందుకు పూడుతుందని ఆ ఆలోచన పక్కన పెట్టాను. లోపల ఎక్కడో జాయింటు ఊడి ఉంటుందని, నేను స్వయంగా వేసిన కొత్త టైల్స్ మూడు పగలగొట్టాను. జాయింటు చెక్కుచెదరలేదు.

డాబా ఎక్కి చూడొచ్చు కదా అంటారు. చూడబోయాను. మెట్ల దగ్గర సుందరమ్మగారు ఆపేశారు. "ఏవోయ్, పైన ఏడాది కారానికి మిరపకాయలు ఎండుతున్నాయి. మడిలో ఆరబోశాను. నువ్వు ఎక్కద్దు." సరేనని పెరట్లోంచి తలెత్తి చూశాను. పిట్టగోడ మీదుగా, సున్నం పూసి నల్లచుక్కలు పెట్టిన కుండ ఒకటి కనిపించింది. మన పొలాల్లో కర్రకు బోర్లిస్తామే, అలాంటి దిష్టికుండ. కొత్త గదికి దిష్టి తగలకుండా పెట్టుకున్నారు, మంచిదేగా అనుకుని తిరిగొచ్చేశాను.

వెళ్ళేటప్పుడు వంటింట్లో రాజ్యలక్ష్మిగారు మందుబిళ్ళ వేసుకుంటున్నారు. గ్లాసులో రెండు గుక్కలే ఉన్నాయి. నా వైపు చూసి గ్లాసు పక్కకు పెట్టేశారు.

రెండు రోజులాగి మళ్ళీ వెళ్ళాను. పెరట్లో నిలబడి ఆలోచిస్తున్నాను. ఆ మధ్యాహ్నం గాలి దుమారంగా ఉంది. కొబ్బరి మట్టలు కొట్టుకుంటున్నాయి, దండెం మీద బట్టలు ఎగురుతున్నాయి. కుండ మాత్రం కదలడం లేదు. దిష్టికుండ పెట్టేది కర్ర మీద. గాలి వీస్తే అది ఊగి తీరాలి. మా పొలంలో అవి ఊగుతుంటే చూస్తూ పెరిగినవాణ్ణి. ఇది శ్లాబులో పాతేసినట్టు నిలబడి ఉంది. శ్లాబులో పాతింది ఆ డాబా మీద ఒక్కటే, అది నేను పాతిందే.

చెప్పులు విప్పి, కాళ్ళు కడుక్కుని మెట్లెక్కాను. డాబా అంతా ఎర్రగా మిరపకాయలు. నడిమధ్య నా గాలి గొట్టం, దాని నెత్తిన కుండ. కుండ ఎత్తితే గొట్టం నోట్లో పాత చీర గుడ్డ కుక్కి, పైన సిమెంటు మెత్తి ఉంది. నేను మిగిల్చిపోయిన సిమెంటే.

"ముట్టుకోకు!" వెనకనుంచి సుందరమ్మగారి గొంతు. "నేనే మూశాను."

"ఎంత పని చేశారు మామ్మగారూ! అట్టా మూస్తే ఎట్టా? దాని మూలంగానే కిందంతా కంపు!"

"అరవకు. మరుగుదొడ్డి నోరు తెరిచి తెచ్చి నా కారం మధ్యలో పెట్టింది నువ్వు. మడిలో ఆరబోసిన మిరపకాయల మీదకి ఆ గాలి వదిలితే మేం తినాలా? ఉత్త కుండ బోర్లిస్తే బాగుండదని సున్నం పూసి చుక్కలు పెట్టాను. ఇంట్లో ముగ్గురూ కూర్చుని సీసాలు బోర్లించుకున్నారు. డాబా ఎవరిదో, దాని మీద ఏం చేస్తారో నన్నెవరైనా అడిగారా?"

కోపం ముంచుకొచ్చింది. కానీ ఎవరూ అడగని మాట నిజం. నేనైతే ఆ డాబాను గొట్టం పైకి రావడానికి ఉన్న ఖాళీ స్థలంగానే చూశాను. గొంతు తగ్గించి, నీళ్ళు గాలిని ఎలా లాక్కుంటాయో మొదటినుంచీ చెప్పడం మొదలుపెట్టాను. సగంలోనే ఆపేశారు.

"నూనె డబ్బాకి రెండో చిల్లు పెట్టినట్టేనా?"

"ఏంటండీ?"

"ఒక్క చిల్లే పెడితే నూనె గుటకలు గుటకలుగా పడుతుంది, మీద చిందుతుంది. ఎదురుగా ఇంకో చిల్లు పెడితే ధార కడుతుంది. అంతేనా నువ్వు చెప్పేది? యాభై ఏళ్ళనుంచి నేను చేస్తున్నదే. దీనికి సీసాలెందుకూ?"

నేను నవ్వేశాను. ఆవిడ నవ్వలేదు. కిందికి చూస్తూ, "అయితే రాజ్యం మళ్ళీ పెరట్లోకి నడుస్తోంది నా మూలంగానా?" అన్నారు.

కొత్త చోటు ఆవిడే చూపించారు. "ఈ నెలల్లో గాలి దక్షిణంనుంచి వస్తుంది. ఉత్తరపు గోడ చివర పెట్టు. నా తలకన్నా ఎత్తుండాలి." వంపులు రెండు పెరిగాయి. పెరగనీ. ఏడడుగుల గొట్టం నిలబెట్టి, పురుగులు దూరకుండా పైన జాలీ టోపీ పెట్టాను. కింద పగలగొట్టిన టైల్స్ కొత్తవి వేసి, ట్రాప్ నింపి, కమోడులో వరసగా నాలుగు బకెట్లు కొట్టించాను. గుడగుడ లేదు. జాలీ ఎత్తి చూస్తే నీళ్ళు పోసినవి పోసినట్టే ఉన్నాయి.

ఆనాటినుంచి ఏ ఇంట్లో పని ఒప్పుకున్నా ప్లాను చూడకముందే డాబా ఎక్కుతాను, అక్కడ ఎండబెట్టుకునే మనిషిని వెంటబెట్టుకుని. మంచి చెడ్డా అన్నీ ఆవిడకే ముందు చెబుతాను. గొట్టాల గురించి నాకు తెలుసు. ఏ ఇంటి గాలి సంగతి ఆ ఇంటివాళ్ళకే తెలుసు.

ఆ రోజు పని ముగిశాక బాత్రూమ్ ముందు నిలబడి సామాన్లు సర్దుకుంటున్నాను. సుందరమ్మగారు బొడ్డున దోపుకున్న తాళంచెవి తీసి కోడలి చేతిలో పెట్టారు. తర్వాత వంటింట్లోకి వెళ్ళి, పెద్ద ఇత్తడి చెంబు నిండా మంచినీళ్ళు ముంచుకొచ్చారు.

"తాగు," అన్నారు.

"ఇన్నా అత్తయ్యగారూ?"

"అంతా తాగు. నేను చూస్తాను."

రాజ్యలక్ష్మిగారు చెంబు ఎత్తి మొత్తం తాగేశారు. సుందరమ్మగారు ఖాళీ చెంబు అందుకుని, మళ్ళీ నింపుకురావడానికి లోపలికి వెళ్ళారు.